శ్రీకృష్ణ జన్మస్థానం, గోథమ్ శాఖ

ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, మూసి ఉన్న ఒక చెప్పుల దుకాణం మెట్ల మీద, 150 రూపాయలకు ఒక లావుపాటి బ్యాట్‌మన్ కథల సంపుటం కొన్నాను. అట్ట ఊడిపోయింది, అంచులకు చెదలు పట్టిన ఆనవాళ్ళున్నాయి, అమ్మినవాడి ధర మాత్రం చెక్కుచెదరలేదు. ఇంటికి వచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని తెరిచాను. మొదటి పేజీలో వర్షం కురుస్తోంది. రెండో పేజీలో గోథమ్ నగర పోలీసు కమిషనర్ గార్డన్ గారు మేడ మీదికెక్కి, ముసుగు వీరుడు బ్యాట్‌మన్‌ను పిలవడానికి ఆకాశంలోకి గబ్బిలం ఆకారపు వెలుగు వేయించారు. మూడో పేజీలో ఆయన నోరు విప్పి, జోకర్ అనే హంతకుడు ఆర్కమ్ అనే పిచ్చాసుపత్రి నుంచి మళ్ళీ తప్పించుకున్నాడని సెలవిచ్చారు.

తప్పించుకున్నందుకు నాకు కోపం రాలేదు. ఖైదీ అన్నాక తప్పించుకోవాలని చూస్తాడు, అది వాడి వృత్తిధర్మం. నా అభ్యంతరమల్లా ఆ ‘మళ్ళీ’ అన్న మాట మీద. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వాతావరణ కేంద్రం వారు చెప్పినంత తాపీగా ఆయన ఆ మాట అన్నారు. నిజానికి వాతావరణ కేంద్రం వారే నయం, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని ఒక ముక్క కలుపుతారు. జోకర్ ఏ ద్వారం గుండా పోయాడు, ఆ పూట డ్యూటీలో ఎవరున్నారు, తాళంచెవులు ఎవరి మొలలో ఉన్నాయి, ఎవరికి మెమో ఇచ్చారు, ఎవరిని సస్పెండ్ చేశారు అన్న ప్రశ్నలు ఆ సంపుటంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కరికీ తోచలేదు. మన దగ్గర మండల కార్యాలయంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ కనబడకపోతే, స్టాక్ రిజిస్టరు ముందేసుకుని ముగ్గురు గుమాస్తాల చేత మూడు నెలలు సంజాయిషీలు రాయిస్తారు. గోథమ్‌లో మనిషి పోయినా అడిగే దిక్కు లేదు, పోయినవాడు పదులకొద్దీ హత్యలు చేసినవాడైనా సరే.

జైలును శ్రీకృష్ణ జన్మస్థానమని పిలవడం మన పత్రికలకు పాత అలవాటు. ఆ ఉపమానాన్ని గోథమ్‌కు వర్తింపజేయడం కంసుడికి అన్యాయం చేయడమే అవుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను. కంసుడు మేనల్లుళ్ళ విషయంలో ఎంతటి క్రూరుడైనా జైలు నడపడం తెలిసినవాడు. ఆయన చెరసాల తలుపులు ఒకే ఒక్క రాత్రి తెరుచుకున్నాయి, అదీ సాక్షాత్తు విష్ణుమాయ పూనుకుని కావలివాళ్ళందరినీ నిద్రపుచ్చితే. ఇంత జరిగీ వసుదేవుడు ఏం చేశాడు? పసివాణ్ణి యమున దాటించి నందుడి ఇంట పడుకోబెట్టి, అక్కడి ఆడశిశువును ఎత్తుకుని, తెల్లవారేలోగా తిరిగొచ్చి తన సంకెళ్ళలో తాను కూర్చున్నాడు. ఖైదీల క్రమశిక్షణ అంటే అదీ. ఆర్కమ్‌లో విష్ణుమాయతో నిమిత్తం లేదు. కావలివాళ్ళు స్వయంప్రతిభతోనే నిద్రపోతారు.

సంస్థ పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవడం అవసరం. 1974 అక్టోబరు తేదీతో వెలువడిన ‘బ్యాట్‌మన్’ 258వ సంచికలో రచయిత డెనిస్ ఓనీల్, చిత్రకారుడు ఇర్వ్ నోవిక్ దీనికి శంకుస్థాపన చేశారు. పేరును హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ తన భయానక కథల కోసం మసాచుసెట్స్‌లో కల్పించిన ఒక ఊరి నుంచి అరువు తెచ్చుకున్నారు. దెయ్యాల ఊరి పేరు పెట్టి కట్టిన ఆసుపత్రికి వాస్తు చూపించారా అని అడగడం అనవసరం. తరువాతి రచయితలు దీనికొక స్థలపురాణం సమకూర్చారు. అమేడియస్ ఆర్కమ్ అనే వైద్యుడు, మతి చలించిన తన తల్లి ఎలిజబెత్ పేరిట, తాతలనాటి ఇంటినే ఆసుపత్రిగా మార్చాడు. తన భార్యనూ కూతురినీ చంపిన హంతకుడికి తానే వైద్యం చేశాడు, వైద్యం చేస్తూ చేస్తూ ఒకనాడు విద్యుత్తు ఎక్కించి వాణ్ణి చంపేశాడు, చివరికి తన ఆసుపత్రిలో తానే రోగిగా మిగిలిపోయాడు. వ్యవస్థాపక అధ్యక్షుడి చరిత్రే ఇలా ఉన్న తరువాత సిబ్బందిని అని లాభం లేదు కాని, అనకుండా ఉండలేకపోతున్నాను.

ఎందుకంటే, అక్కడ ఉద్యోగంలో చేరినవాళ్ళలో పదవీ విరమణ దాకా ఉద్యోగిగానే ఉన్నవాళ్ళు కనబడరు. హార్లీన్ క్విన్జెల్ అనే యువ వైద్యురాలు జోకర్‌కు వైద్యం చేయడానికి వెళ్ళి, అతణ్ణి ప్రేమించి, తప్పించి, తానూ రంగు పూసుకుని బయలుదేరింది. 2005 నాటి సినిమాలో అక్కడి పెద్ద డాక్టరు జొనథన్ క్రేన్ గారు, మనుషులకు పిచ్చిభయం పుట్టించే మందును ఊరి తాగునీటి గొట్టాలలో కలిపించారు. వ్యవస్థాపకుడి వంశంవాడు జెరెమియా 1992లో పదవిలోకొచ్చి ఆధునికీకరణ పేరుతో భవనమంతా కొత్తగా కట్టించాడు. విక్టర్ జాస్ అనే హంతకుడు ఆ నిర్మాణం జరుగుతున్నప్పుడే తన గదికి ఒక దొంగదారి పెట్టించుకుని, రాత్రి బయటికెళ్ళి హత్యలు చేసి, తెల్లవారేసరికి వచ్చి బుద్ధిగా తన పక్క మీద పడుకునేవాడు. నేను పొగిడిన వసుదేవుడి క్రమశిక్షణ ఆ సంస్థ మొత్తంలో వీడొక్కడిలోనే కనిపిస్తుంది. ప్రభుత్వ భవనాలకు కాంట్రాక్టర్లు సిమెంటు తగ్గిస్తారని మనం వాపోతుంటాం. కాంట్రాక్టులో లేని సొరంగాన్ని అదనంగా కట్టి ఇచ్చినవాళ్ళు మన రాష్ట్రాల్లో ఇంకా పుట్టలేదు. ఇంతకీ జెరెమియా గారు కూడా కొన్నేళ్ళకు ముసుగు తగిలించుకుని ఒక నేరముఠాకు నాయకుడయ్యారు. వీడియో గేములో మరీ విడ్డూరం. 2009 నాటి గేములో సంస్థ మొత్తాన్ని ఒక్క రాత్రిలో జోకర్ చేతికి అప్పగించిన వార్డెన్ క్విన్సీ షార్ప్, 2011 నాటి రెండో భాగం వచ్చేసరికి గోథమ్ నగర మేయరుగా దర్శనమిస్తాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం రచయితలు కల్పన చేశారని నేను అనను.

ఇక నాకు అత్యంత ప్రీతిపాత్రమైన ఘట్టానికి వస్తాను. 1988లో అలన్ మూర్ రాయగా బ్రయన్ బోలండ్ బొమ్మలు గీసిన ‘ద కిల్లింగ్ జోక్’ మొదట్లో, వాన పడుతున్న రాత్రి బ్యాట్‌మన్ ఆర్కమ్‌కు వెళ్తాడు. జోకర్ గదిలో మసక చీకటి. తెల్లటి ముఖం, పచ్చటి జుట్టు ఉన్న మనిషి బల్ల ముందు కూర్చుని ఒంటరిగా పేకముక్కలు పరుచుకుంటున్నాడు. బ్యాట్‌మన్ ఎదురుగా కూర్చుని, మనం ఇలాగే కొనసాగితే చివరికి ఒకరినొకరు చంపుకుంటామని, అలా జరగకుండా ఒక్కసారి మాట్లాడుకుందామని, ఏళ్ళ తరబడి గుండెలో దాచుకున్నదంతా చెబుతాడు. అవతలివాడు పలకడు, ముక్క మీద ముక్క వేస్తూనే ఉంటాడు. ఓపిక నశించి చెయ్యి పట్టుకుంటే, ఆ చేతి తెలుపు బ్యాట్‌మన్ చేతికి అంటుకుంటుంది. రంగు! అసలువాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఈ కూర్చున్నవాడెవడో వేషం కట్టిన అనామకుడు.

రసికులైన పాఠకులు ఈ చోట గగుర్పాటు చెంది పేజీ తిప్పుతారు. నేను పేజీ తిప్పలేకపోయాను. పెళ్ళిళ్ళలో బఫే దగ్గర చట్నీ అంటిన చొక్కాను చూసి ‘ఎక్కడిదండీ ఆ మరక’ అని అడిగే జాతి మనది, అటువంటి మనం ఈ తెల్లరంగు విషయం అడగకుండా ఎలా ఉంటాం? ఆ అనామకుడు ఎన్ని రోజులుగా అక్కడ కూర్చున్నాడు? పొద్దున్నే పళ్ళు తోముకున్నాడా? తోముకుంటే మూతి చుట్టూ రంగు పోవాలి గదా, దాన్ని మళ్ళీ ఎవరు దిద్దారు? స్నానం మాటేమిటి? రంగు డబ్బా గదిలోనే ఉందా, లేక వారానికొకసారి స్టోర్స్ నుంచి ఇండెంటు పెట్టి తెప్పించారా? తెప్పిస్తే ఏ పద్దు కింద రాశారు? రాత్రి లెక్కింపు జరిపిన ఉద్యోగి తలుపు సందులోంచి చూసి, తెల్లగా ఉన్నది, పచ్చజుట్టు ఉన్నది, ఒకటి అని టిక్కు పెట్టుకుని సాగిపోయి ఉండాలి. ఆ గది తలుపు మీద పేరుండాల్సిన చోట ‘పేరు తెలియదు’ అని రాసి ఉంటుంది. పేరు తెలియని మనిషిని లోపల పెట్టి, వాడి బదులు పేరు తెలియని మరో మనిషి కూర్చుంటే, రికార్డుల ప్రకారం తప్పు జరగలేదని వాదించే సెక్షన్ సూపరింటెండెంటు ప్రపంచంలో ఏ కార్యాలయంలోనైనా దొరుకుతాడు.

వీటన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటుంది. అది ఆసుపత్రి కదా, అక్కడ డాక్టర్లు ఉంటారు కదా. వాళ్ళు రోజూ రౌండ్లకు వచ్చి ఈ మారు మనిషిని పరీక్షించి ఉండాలి. కేస్ షీటులో ఏమని రాశారు? నవ్వడం తగ్గింది, మాటలు లేవు, పేకాట మీద శ్రద్ధ పెరిగింది, చికిత్సకు చక్కగా స్పందిస్తున్నాడు, ఇలాగే కొనసాగించవలెను అని రాసి ఉంటారని నా దృఢ విశ్వాసం. జోకర్ చరిత్రలో ఆర్కమ్ వైద్యానికి గుణం కనిపించిన ఏకైక సందర్భం జోకర్ అక్కడ లేనప్పుడే. ఆ మారు మనిషి తరువాత ఏమయ్యాడో ఎవరికీ పట్టలేదు. బహుశా ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాడేమో, రంగు ఎవరూ తెచ్చివ్వక పేకముక్కలు పరుచుకుంటూ.

పారిపోయే పద్ధతులలోనూ ఒక మర్యాద ఉంటుంది. 1993లో బేన్ అనే బలశాలి ఆర్కమ్ గోడను ఆయుధాలతో పేల్చి, లోపలివాళ్ళందరినీ ఒక్కసారే ఊరి మీదికి వదిలాడు. ఆ మహానుభావుణ్ణి నేను గౌరవిస్తాను. అక్కడొక గోడ ఉందని, దాన్ని బద్దలు కొట్టవలసి ఉంటుందని గుర్తించినవాడు ఆయనే. బ్యాట్‌మన్ కథలు వేసే డీసీ కంపెనీకి పోటీ సంస్థ మార్వెల్ వారు నీళ్ళ మధ్యలో ర్యాఫ్ట్ అనే జైలు కట్టుకుని గొప్పలు పోయారు గాని, అక్కడా 2005 నాటి కథలో ఒక్క రాత్రిలో 42 మంది బయటపడ్డారు. ఇక 2014లో ఆర్కమ్ భవనం కూలిపోయినప్పుడు గోథమ్ పాలకులు ఏం చేశారో తెలుసా? రోగులనందరినీ బ్రూస్ వెయిన్ గారి పూర్వీకుల భవంతిలోకి తరలించారు. అంటే బ్యాట్‌మన్ సొంత ఇంట్లోకి, అతని రహస్య గుహకు సరిగ్గా పైకి. పాముల బుట్టను దించడానికి ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు.

ఇదంతా అసమర్థత వల్ల జరుగుతోందని అమాయకులు అనుకుంటారు. ఇందులో చక్కటి వ్యాపారం ఉంది. 1940లో వచ్చిన ‘బ్యాట్‌మన్’ మొదటి సంచికలోనే జోకర్ చచ్చిపోవాలి. విట్నీ ఎల్స్‌వర్త్ అనే సంపాదకుడు, ఇంత మంచి సరుకును పారేసుకుంటామా అని, చివరలో ఒక బొమ్మ అదనంగా గీయించి వాణ్ణి బతికించాడు. 1942 కథలో వాణ్ణి ఏకంగా విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టి మరణశిక్ష అమలు చేశారు. అనుచరులు శవాన్ని తీసుకెళ్ళి ప్రాణం పోశారు. శిక్ష అనుభవించడం పూర్తయింది కనుక పాత నేరాలకు మళ్ళీ పట్టుకునే వీల్లేదని వాడు దర్జాగా బయట తిరిగాడు. 1954లో కామిక్స్ కోడ్ వచ్చి, కథ చివర మంచి గెలవాలని, నేరస్థుడికి శిక్ష పడాలని నియమం పెట్టింది. అటు చూస్తే నియమం, ఇటు చూస్తే వచ్చే నెల సంచిక. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఈ నెల చివరి పేజీలో లోపల వేసి, వచ్చే నెల మొదటి పేజీలో బయటికి వదిలే ఏర్పాటుకే కాలక్రమేణా ఆర్కమ్ అని పేరొచ్చింది. అది జైలూ ఆసుపత్రీ ఏదీ కాని ఒక గోడౌను, సరుకు అక్కడ నిలవ ఉండటానికి రాదు, మళ్ళీ బండి ఎక్కడానికి వస్తుంది.

ఈ వ్యాపారంలో పాఠకులకు కూడా వాటా ఇచ్చారు. 1988లో జోకర్ చేతిలో చావుదెబ్బలు తిన్న రెండో రాబిన్, అంటే బ్యాట్‌మన్ వెంట తిరిగే శిష్యుడు, బతకాలా చావాలా అన్నది డబ్బు చెల్లించి టెలిఫోన్ ద్వారా తేల్చమన్నారు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో కుర్రవాడు పోయాడు. హంతకుణ్ణి ఈసారైనా లోపలే ఉంచాలని కోరుకునేవాళ్ళ కోసం మూడో నంబరు ఒకటి ఇస్తే ఏం పోయేదో నాకు అర్థం కాదు. లోపల వేయడం మాట దేవుడెరుగు, ఆ కథలోనే జోకర్ ఇరాన్ దేశపు రాయబారిగా ఐక్యరాజ్యసమితికి వచ్చి, దౌత్య రక్షణ ఉంది నన్ను ముట్టుకోకూడదన్నాడు.

ఇంతవరకు నవ్వుతూనే చదివాను. నవ్వు ఆగిన చోటు చెబుతాను. 1989లో గ్రాంట్ మోరిసన్ రాసిన ఆర్కమ్ కథలో హార్వీ డెంట్ అనే రోగి ఉంటాడు. ఏ పని చేయాలన్నా నాణెం ఎగరేసి నిర్ణయించుకోవడం అతని జబ్బు. వైద్యురాలు ఆ నాణెం మాన్పించి పాచిక ఇచ్చింది, రెండు దారులకు బదులు ఆరు దారులు దొరుకుతాయని. తరువాత పాచిక తీసేసి, జోస్యానికి వాడే 78 ముక్కల టారో పేక ఇచ్చింది. ఇప్పుడు అతను మరుగుదొడ్డికి వెళ్ళాలా వద్దా అన్నది కూడా పేక తిప్పకుండా తేల్చుకోలేక, ఉన్నచోటనే బట్టలు తడుపుకుంటాడు. ఆ బొమ్మను తాపీగా చూడండి. ముసుగులు, గబ్బిలాలు, విషవాయువులు అన్నీ తీసేస్తే అక్కడ మిగిలేది ఒక జబ్బుమనిషి, తడిసిన బట్టలతో, పదిమంది ఎదుట.

గోథమ్ న్యాయస్థానాలను ఇక్కడ నిలదీయాలి. 1843 జనవరిలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి, ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి డ్రమ్మండ్‌ను కాల్చాడు, డ్రమ్మండ్ చనిపోయాడు. మతి స్థిమితం లేదని కోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. ఆ కేసు మీద పుట్టిన సూత్రమే తరువాత, 2024 దాకా అమలులో ఉన్న మన పాత శిక్షాస్మృతి 84వ సెక్షనుకు ఆధారమైంది. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే అందులో ప్రశ్న. నెలల తరబడి పథకం వేసి, బాంబుకు గడియారం అమర్చి, పోలీసులకు ముందుగా ఫోను చేసి మరీ చంపే జోకర్ ఆ ప్రశ్న ముందు ఒక్క నిమిషం నిలబడడు. వాడికి పిచ్చి లేదు. వాడికి ఉన్నది తీరిక. ఆ మెక్‌నాటన్ మాత్రం బెత్లెమ్ పిచ్చాసుపత్రిలో, ఆ తరువాత బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో, 1865లో చచ్చిపోయేదాకా లోపలే ఉన్నాడు. 22 ఏళ్ళు. ఏ కమిషనరూ అతని కోసం మేడెక్కి దీపం వెలిగించవలసిన అవసరం రాలేదు.

మన దేశంలోనూ చూడండి. 1951లో అరెస్టయిన ఒక అస్సామీ గ్రామస్థుణ్ణి విచారణ లేకుండానే తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1967లో ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టర్లు రాసిచ్చాక ఇంటికి పంపడానికి బదులు గువాహటి జైలుకు పంపారు. 54 ఏళ్ళ తరువాత 2005లో అతను బయటికొచ్చాడు, ఒక్క రూపాయి పూచీకత్తు మీద. నిజంగా ‘పిచ్చి’ అని ముద్ర పడినవాడికి గోడ అంటే ఇదీ! దానికి దొంగదారులుండవు, రంగు పూసుకుని బదులు కూర్చునేవాళ్ళుండరు, గోడ పేల్చడానికి బేన్‌లు రారు. ఈ మనుషుల జబ్బును అరువు తీసుకుని, దాన్ని హంతకులకు కిరీటంగా పెట్టి, మతి చెదిరినవాళ్ళంటే తలుపు తీయగానే ఊరి మీద పడి నరికేవాళ్ళని యాభై ఏళ్ళుగా రంగుల బొమ్మల్లో పసిపిల్లలకు నూరిపోస్తున్న ఈ సిగ్గుమాలిన రాతలకు నేను చేతులెత్తి నమస్కరించాలా?

మనమేమీ తక్కువ తినలేదు. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ‘ఎర్రగడ్డలో చేర్పించండి’ అని నవ్వుకునేవాళ్ళం మనం. సినిమాలో పిచ్చాసుపత్రి వస్తే నెత్తిన బకెట్టు బోర్లించుకున్న నలుగురిని చూపిస్తే హాలంతా ఘొల్లుమంటుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన నెలకొకసారి తన కొడుకును ఎర్రగడ్డకు తీసుకెళ్తారు. వీధిలో ఎవరైనా ఎదురై ఎక్కడికని అడిగితే ఈఎస్ఐ ఆసుపత్రికని, తనకే మోకాళ్ళ నొప్పులని చెబుతారు. మెట్రోలో కూడా ఈఎస్ఐ స్టేషనులోనే దిగి నడుస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రల పట్టీలను మందుల కవరులోంచి తీసి, కూరగాయల సంచిలో, బెండకాయల అడుగున పెట్టుకుంటారు. ఆ అబ్బాయి ఇరవై ఏడేళ్ళవాడు, చీమకు హాని చేయడు, సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకుంటుంటాడు. పక్కింటివాళ్ళు తమ పిల్లలను ఆ గేటు వైపు పోనివ్వరు. ఆ పిల్లల చొక్కాల మీద మాత్రం జోకర్ బొమ్మ నవ్వుతూ ఉంటుంది.

సంపుటం చివరి పేజీలో బ్యాట్‌మన్ జోకర్‌ను మళ్ళీ పట్టుకున్నాడు. ఆర్కమ్ గేటు తెరుచుకుంది, బండి లోపలికి వెళ్ళింది, కావలివాడు గేటు మూశాడు. తాళం వేసినట్టు బొమ్మలో లేదు, భూతద్దం పెట్టి చూశాను. నిన్న ఆదివారం ఆబిడ్స్‌లో ఆ చెప్పుల దుకాణం మెట్ల దగ్గరికే వెళ్ళి ఇదేమి పుస్తకమయ్యా అని దులిపేద్దామనుకున్నాను. అతను నన్ను చూడగానే రెండో భాగం ఉంది సార్, గోడౌనులో ఉంది, వచ్చే ఆదివారం తెస్తానన్నాడు. బయానా కింద యాభై రూపాయలు ఇచ్చి వచ్చాను.